ముందు ఆకు, తర్వాత విషం

ఫిబ్రవరి 4

ఎలుకలు బతికాయి. ముందు వారం పాటు నేల ఉసిరి కషాయం తాగించి, ఆ తర్వాత విషం ఎక్కించిన గుంపు నిక్షేపంగా గింజలు నములుతోంది. ఉత్త విషం ఎక్కించిన గుంపు మూలన ముడుచుకుపోయింది. ఆ గుంపులో ఒకదాన్ని కోసి తీసిన స్లైడ్ చూసి గైడ్ గారు, లివర్ చెక్కుచెదరలేదమ్మా అన్నారు. ఆయన నోట మెచ్చుకోలు రావడమంటే ఆషామాషీ కాదు.

ఆ మొక్కలు మా అక్క పెంచినవే. తనూ బావా నడిపే డ్రైక్లీనింగ్ షాపుకి వెళ్ళేముందు బాల్కనీలో కుండీలకి నీళ్ళు పోస్తుంది. సంగతి చెబితే, విషం ఎక్కాక ఆకు పెడితే పనిచేయదా అని అడిగింది. ఇంకో గుంపుకి అలాగే పెట్టాం, చేయలేదన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదని కనిపెట్టడానికా ఇంత చదువూ అని పడీపడీ నవ్వింది.

ఫిబ్రవరి 19

అక్కకి తిండి సహించడం లేదు. గ్యాస్ అని బావ తేల్చేశాడు. బావ లెక్కలో లోకంలో ఉన్న జబ్బు అదొక్కటే.

ఫిబ్రవరి 26

కళ్ళు పచ్చబడ్డాయి.

మార్చి 1, మధ్యాహ్నం

ఆస్పత్రిలో చేర్చుకుని, తాగుడు అలవాటుందా అని డాక్టరమ్మ అడిగింది. అక్క కాఫీ కూడా తాగదు. అయితే ఏం పని చేస్తుందని అడిగింది. చెప్పాను. బట్టలు దేనితో ఉతుకుతారో కనుక్కురమ్మంది.

షాపు వెనకగదికి కిటికీ లేదు. డబ్బా మీద పేరు లేదు. మూత తీసి వాసన చూశాను. పేరుతో పని లేకపోయింది. మా ల్యాబ్‌లో ఎలుకలకి ఎక్కించే విషం అదే. మా సీసా మీద పుర్రె బొమ్మ ఉంటుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోనివ్వరు. అక్క ఉత్త చేతులతో దాన్ని కాలర్లకి రుద్దేది.

ఇంట్లో ఆ తియ్యటి వాసన ఎప్పుడూ ఉండేది. అది నా ల్యాబ్ కోటుదే అనుకున్నాను.

మార్చి 5

అక్క కషాయం అడిగింది. ఎలుకలకి పెట్టగా లేనిది తోడబుట్టినదానికి పెట్టవా అంది. డాక్టరమ్మ ఆకులూ అలములూ వద్దని గట్టిగా చెప్పింది. ఆవిడ చెప్పక్కర్లేదు కూడా. విషం తర్వాత కషాయం తాగిన గుంపును కోసి చూసింది నేనే. పెట్టనన్నాను. అక్క అటు తిరిగి పడుకుంది. కాసేపటికి, కుండీలకి నీళ్ళు పోశావుటే అని అడిగింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మార్చి 9

నన్ను పోల్చుకోలేదు.

మార్చి 11

అక్క పోయింది.

మార్చి 27

పేపర్ పంపుదామన్నారు గైడ్ గారు. మొక్కలు ఎవరిచ్చారో రాయాలట. అక్క పేరు రాసి, దాని వంకే చూస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 2, ఉదయం

బావ ఈ రోజు మళ్ళీ షాపు తెరుస్తున్నాడు. వెనకగదికి కిటికీ పెట్టించాను. కొత్త డబ్బా మీద పేరుంది, ప్రమాదం లేదని కూడా రాసుంది. నేను నమ్మను.

ఎలుకలకి పనిచేసింది మనుషులకి పనిచేస్తుందని నేనెక్కడా రాయలేదు. అయినా పొద్దున్నే లేచి కుండీల్లో ఆకు కోసి కాచాను. బావ చెప్పులు వేసుకుంటుంటే గ్లాసు పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

ముందు ఇది తాగమన్నాను.