కన్నును కాన్పుగా చదివిన గుమాస్తా

ఆసుపత్రి సూపరింటెండెంటుగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా చిన్నదాని కంటికి తీయవలసిన స్కాను మా ఆవిడ కడుపుకు తీయించిన స్కాను గది గుమాస్తాను శిక్షించుట గురించి, సదరు రికార్డు దిద్ది గురువారంలోగా పిల్లకు ఆపరేషను చేయించుట గురించి.

1. నేను తమ ఆసుపత్రి గేటు ఎదుట పద్ధెనిమిదేళ్లుగా బట్టలు కుడుతున్న దర్జీని. ఎనిమిదేళ్ల మా చిన్నది బడి నుంచి రాగానే నాకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది. కొన్నాళ్ల క్రితం దారం సూది పక్క నుంచి పోసాగినది. ఎడమ కన్ను మూసి చూడమంటే, "నాన్నా, అంతా పాలు పోసినట్టుంది" అన్నది.

2. తమ కంటి డాక్టరమ్మగారు పరీక్షించి, కుక్కపిల్లలతో మట్టిలో ఆడే పిల్లల కడుపులోకి పురుగు గుడ్లు పోతాయనీ, అందులోంచి వచ్చిన పురుగు ఒక్కోసారి కంటిదాకా చేరుతుందనీ చెప్పినారు. లోపల మసకబారి టార్చికి ఏమీ కనబడటం లేదు గనుక, మూసిన రెప్ప మీద జెల్లు రాసి స్కాను తీస్తే తేలుతుందని చీటీ మీద "కన్ను" అని రాసినారు.

3. సదరు గుమాస్తా దానిని "కాన్పు" అని చదివినాడు. పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టి తల్లిని లోపలికి పిలిచినాడు. "నాకెందుకండీ?" అని ఆవిడ అడగకపోలేదు. "నీకు కాకపోతే నాకా? పడుకోమ్మా" అన్నాడు. పురుగు తల్లి నుంచి వచ్చిందేమో చూస్తారు కాబోలనుకుని ఆవిడ పడుకున్నది.

4. "ఏమీ లేదు" అని రిపోర్టు వచ్చినది. కడుపు తల్లిది, పేరు పిల్లది. డాక్టరమ్మగారు సెలవులో ఉండగా వచ్చిన డాక్టరుగారు ఆ కాగితం చూసి, పురుగు లేదని చుక్కల మందు ఇచ్చి పంపినారు. ఇరవై మూడు రోజులు ఆ చుక్కలు వేసినాము.

5. డాక్టరమ్మగారు తిరిగి వచ్చి, పిల్లను చేయి పట్టుకుని తీసుకుపోయి తానే స్కాను తీసినారు. తెర మీద కంటి వెనక గోడ నుంచి ముందుకు లాగిన తెల్లని పోగు నేనే చూసినాను. ముందే తేలి ఉంటే మందులతో సర్దుకునేదేమో, ఇప్పుడు ఆపరేషను తప్పదు, గురువారం దాటితే చూపు దక్కదు అన్నారు.

6. ఆపరేషనుకు, పిల్ల పేరున "ఏమీ లేదు" అని ఉన్న పాత రిపోర్టు అడ్డం వచ్చినది. దానిని రద్దు చేయాలంటే గుమాస్తా తన పొరపాటు ఒప్పుకుని సంతకం పెట్టవలెను. "మా రిజిస్టర్లో కొట్టివేతలుండవు. రెండు కళ్లున్నాయిగా, రెండు రిపోర్టులుంటే ఏం?" అన్నాడు. అయ్యా, ఆ మాట అన్నప్పుడు పిల్ల పక్కనే ఉంది.

7. కావున, ముందు రిపోర్టు రద్దు చేయించ ప్రార్థన. పిమ్మట గుమాస్తా కుడికంటికి కట్టు కట్టి, ఇరవై మూడు రోజులు అదే కుర్చీలో కూర్చోబెట్టి చీటీలు చదివించవలెను. బదిలీ చేయవద్దు, దూరం పోతే నాకు కనబడడు. కంటితుడుపు విచారణ వద్దు. అతడు క్షమించమన్నా నేను క్షమించను. ఈ సంగతి కూడా రిజిస్టరులో ఎక్కించవలెను.

తమరు స్వయంగా, రెండు కళ్లతో చదివి చిత్తగించవలెను.

గురువారం వరకు తమ విధేయుడు,
గేటు ఎదుటి దర్జీ

తా.క. గుమాస్తాగారు కుట్టమన్న కోటు నిన్ననే ఇచ్చేశాను. చీటీలో ఛాతీ నలభై రెండు అని ఉంటే ముప్పై రెండని చదివాను. తమరి కోటు గుడ్డ కూడా నా బల్ల మీదే ఉంది. ఇంకా కత్తెర పెట్టలేదు.