అత్తగారు చెప్పింది చెప్పినట్టు

దుభాషీల నిధి కార్యాలయం పెద్ద ఆఫీసరు గారికి,

నమస్కారం. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. ఇది పెద్దాసుపత్రిలో దుభాషి. రోగి మాట డాక్టరుకి, డాక్టరు మాట రోగికి వాళ్ళ వాళ్ళ భాషలో అందిస్తుంది. ఒక్క మాట కలపదు, ఒక్క మాట మింగదు. కొత్త దుభాషీలు ఎక్కడ తడబడతారో పరిశోధించి, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తానని మీ గ్రాంటు అడిగింది. పనికి నమూనా జతచెయ్యలేదని తిప్పికొట్టారట! రోగుల గుట్టు కాగితం మీద పెట్టి పంపుతుందా? మీ ఇంటి రోగాలైతే పంపుతారా? పాపం, అప్పట్నుంచీ పిల్ల అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోంది. ఒరేయ్, నోరు తెరుచుకుని చూసే బదులు వెళ్ళి స్నానం చెయ్యి, కంపు కొడుతున్నావు. కాబట్టి గ్రాంటు ఇవ్వండి.

ఇట్లు,
వేలిముద్ర వేసిన అత్తగారు

తా.క.: ఏమే, ఇంత లావు అక్షరాలేమిటి? కాగితాలు నీ పుట్టింటి నుంచి వచ్చాయా?

---

గౌరవనీయులైన అమ్మగారికి,

మీ ఉత్తరం అందినది. నమూనా లేనిదే దరఖాస్తు పరిశీలించుటకు నిబంధనలు ఒప్పుకోవు. ఇక, నేను ప్రతిరోజూ స్నానం చేస్తాను. అవసరమైతే నా భార్య సాక్ష్యం చెబుతుంది.

భవదీయుడు,
నిధుల అధికారి

తా.క.: కాగితాలు కార్యాలయానివే. నా పుట్టింటికి ఏ సంబంధమూ లేదు.

---

అయ్యా అధికారిగారూ,

స్నానం చెయ్యమన్నది నా కొడుకుని! మీరెందుకు భుజాలు తడుముకున్నారు? నా నోట్లోంచి ఏదొస్తే అది రాసేస్తోంది నా కోడలు. "అది కొట్టెయ్యవే" అంటే, "మీ మాట కొట్టెయ్యడానికి నేనెవర్ని అత్తయ్యా" అంటుంది. మొండిఘటం. అదిగో, మొండిఘటమని కూడా రాసింది! ఇలాంటిదానికి గ్రాంటు ఇవ్వకపోతే మీ గుమ్మంలో బైఠాయిస్తాను. నావి అరిగిన మోకాళ్ళు, కూర్చుంటే ఇక లేవను.

ఇట్లు,
అదే అత్తగారు

తా.క.: అయ్యో, పిల్లి దూరింది! తరమండి! ఒక్కరూ కదలరేం, దద్దమ్మల్లారా!

---

పూజ్యులైన అమ్మగారికి,

పిల్లిని తరమమన్నది ఎవరినో తేలనందున, ముందుజాగ్రత్తగా మా అంతస్తంతా వెతికించాము. రికార్డుల గదిలో నిజంగానే ఒకటి దొరికింది, పిల్లలతో సహా.

ఆ గందరగోళంలో కమిటీ సభ్యులందరూ మీ ఉత్తరాలు చదివారు. తనను తిట్టిన తిట్లు సైతం మింగకుండా రాసిన చేతికి వేరే నమూనా అక్కర్లేదన్నారు. రోగుల గుట్టూ దక్కింది. పరిశోధనకు, శిక్షణకు అడిగిన గ్రాంటు మొత్తం మంజూరైంది.

ఇంకొక మనవి. అభ్యాసానికి ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి కావాలి. మధ్యలో ఆగకూడదు, ఉన్నట్టుండి విషయం మార్చాలి, అవసరమైతే తిట్టాలి. కమిటీ ఏకగ్రీవంగా మిమ్మల్నే ఎంపిక చేసింది.

విధేయుడు,
నిధుల అధికారి

తా.క.: మోకాళ్ళ దృష్ట్యా మెత్తటి కుర్చీ వేయిస్తున్నాను. అది నాదే.

---

నాయనా అధికారీ,

దీవెనలు. మొదటి తరగతి దుమ్ము దులిపేశాను! నేను మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టి, కొడుకు మీదుగా, పక్కింటావిడ దాకా వెళ్ళేసరికి సగం మంది నోళ్ళు వెళ్ళబెట్టారు. నా కోడలు ఒక్కొక్కరి పక్కన కూర్చుని ఎక్కడ జారిపోయారో విప్పి చెప్పింది. సాయంత్రానికి ఒకమ్మాయి నా తిట్టుని రెండో భాషలో అంతే ఘాటుగా అప్పజెప్పింది. డాక్టరు వేషంలో కూర్చుని వినే ఆయన మొహం కందగడ్డయిపోయింది. నా కడుపు నిండిపోయిందనుకో!

ఇట్లు,
దుభాషీల పంతులమ్మకి అత్తగారు

తా.క.: ఒక్క మాట. నా కోడలంతటిది ఎక్కడ వెతికినా దొరకదు. ఏమే, చెయ్యి ఆగిందేం? తిట్లన్నీ గడగడా రాశావుగా! కళ్ళు తర్వాత తుడుచుకుందువుగాని, ముందు రాయి. అక్షరం తగ్గిందో, ఊరుకోను.