ఒరిగిన భుజం

జూలై 9

అక్కయ్యకు,

చెల్లి నమస్కారాలు. ఇక్కడ మేమందరం కులాసా. నువ్వూ, బావగారూ, పిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలు ఇప్పుడు మెట్లెక్కనిస్తోందా? ఈ వరస చదివి నువ్వు నవ్వుతావని తెలుసు. మనకు ఉత్తరం రాయడం నేర్పినప్పుడు అమ్మ, కులాసాలు పూర్తయ్యాకే అసలు సంగతికి రమ్మనేది కదా. ఆ క్రమం తప్పితే నాకు ఇప్పటికీ కలం సాగదు.

ఫోన్ చెయ్యకుండా ఈ పాతకాలపు వేషాలేమిటే అని అడిగావు. ఫోన్‌లో నేను హలో అనగానే ఏమైందని పట్టేస్తావు. కాగితం మీదయితే గొంతు సర్దుకోవడానికి వీలుంటుంది. పైగా బొమ్మలు పంపాలంటే కవరే కావాలి.

ప్రచురణ సంస్థ మూతపడి నా ప్రూఫులు దిద్దే పని పోయాక, ఈ వయసులో బొమ్మల కాలేజీ ఏమిటని అందరూ అన్నారు. నువ్వొక్కదానివే, మంచి పని చేశావు, ఇక ఇతరుల తప్పులు మాని నీ తప్పులు నువ్వు చేసుకో అన్నావు. చేసుకుంటున్నాను. క్లాసులో అందరూ మా అమ్మాయి ఈడువాళ్లు. నా పక్క బల్ల దగ్గర కూర్చునే పిల్లను పిట్ట అంటారు, దాని నోరు ఊరుకోదు కనక. నన్ను ఆంటీ అంటుంది. రబ్బరు కావలసినప్పుడు మాత్రం మేడం.

రోజూ పొద్దున్నే టీ తాగి ఒక పేజీ గీస్తాను. వంటింటి కుళాయి, విప్పిన చెప్పులు, స్నానాలగది గోడ మీద చెమ్మ మరక. నీకు ఇన్ని ఆలోచనలు ఎక్కడివే అన్నావు. చెమ్మ మరకలోంచే. ఒక వారం అది గొడుగు పట్టుకున్న ముసలాయన, మరో వారం మోకాళ్ల మీద కూర్చున్న ఒంటె. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లు గోడలకు సున్నం వేయించకూడదని మీ మరిదితో చెప్పాను. ఆయన ఆ ఖర్చు తప్పిందని సంతోషించారు.

మొన్న మన పుట్టింటి హాల్లో ఉండే సముద్రం బొమ్మను జ్ఞాపకం మీద గీశాను. ఫ్రేముతో సహా. అటు వెళ్లినప్పుడల్లా అమ్మ దాన్ని వేలితో జరిపి, ఇది ఎప్పుడూ వంకరే అని సణుక్కునేది. అది నిటారుగానే ఉండేది. ఒకసారి నువ్వు కావాలని దాన్ని ఒక పక్కకి వంచేసి, ఇప్పుడెలా ఉందమ్మా అంటే, ఇప్పుడు కుదిరింది అంది. మనిద్దరం వంటింట్లోకి పరిగెత్తి కడుపు పట్టుకుని నవ్వాం.

ఇక అసలు సంగతి. కొలవడం మాకు మొదటి రోజే నేర్పారు. చెయ్యి పూర్తిగా చాచి, పెన్సిలు నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, ఎదుటి మనిషి తల ఎంత, భుజం ఎంత కిందికి ఉంది అని పెన్సిలు మీద బొటనవేలు జరుపుతూ చూసుకోవాలి. మా మాస్టారి సూత్రం ఒక్కటే. కంటికీ కొలతకీ తగాదా వస్తే కొలత మాటే వినండి అంటారు. అందరూ ఎడమ కన్ను మూస్తే నేను కుడి కన్ను మూస్తానట. అది చూసి పిట్ట, ఆంటీ ఎవరికో కన్ను కొడుతున్నారు అని క్లాసంతా చాటింది.

నేను గీసిన వీధి బొమ్మను మాస్టారు గోడకు పెట్టారు. అందులో దీపస్తంభాలూ తలుపులూ నడుమ దగ్గర కొంచెం మెలితిరిగి ఉంటాయి. ఈ గీత ఊపిరి తీసుకుంటోంది, దీన్ని పోగొట్టుకోకండి అన్నారు. ఆ రోజు ఇంటికి బస్సెక్కడం మరిచిపోయి నడుచుకుంటూ వచ్చాను.

ఈ ఏడాది చివరి ప్రాజెక్టు ఒక బొమ్మల పుస్తకం. క్రేన్ నడిపే మనిషికి పైనుంచి ఊరు ఎలా కనబడుతుందో పిల్లలకు చెప్పే కథ. కథానాయకుడు మీ మరిదే. అందుకు ముందు కసరత్తుగా వారం వారం ఆయన్ని ఒకే కుర్చీలో, ఒకే కిటికీ పక్కన కూర్చోబెట్టి గీస్తున్నాను. నిన్న ఆ కాగితాలన్నీ నేల మీద వరసగా పరిచాను.

అక్కా, ఆయన ఎడమ భుజం దిగుతోంది. మొదటి బొమ్మలో లేదు. తర్వాత తర్వాత కాస్త కాస్తగా. చివరి రెండింటిలో పెదవి ఎడమ కొస కూడా.

నాన్నకి పక్షవాతం అక్కడే కదా మొదలైంది.

నీ చెల్లి


ఆగస్టు 2

అక్కయ్యకు,

నమస్కారాలు. నీ ఉత్తరం అందింది. మీ ఇంట్లో అందరికీ జలుబు తగ్గినందుకు సంతోషం. ఇక్కడ కులాసా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

పిచ్చిమొహమా, నీకు గియ్యడం రాదు అంతే, మనిషిని అనుమానించకు అని రాశావు. నిజమే కావచ్చునని నేను రోజుకు పదిసార్లు అనుకుంటున్నాను. టీ ఇచ్చేటప్పుడు చూస్తాను, మనిషి శుభ్రంగా ఉంటారు. భుజాలు రెండూ సమానం, నవ్వు నవ్వులాగే ఉంటుంది. కుర్చీలో కూర్చోబెట్టి చెయ్యి చాచి కొలిచానో, భుజం దిగిపోతుంది. ఏది నమ్మను? పదిహేనేళ్లు ప్రూఫులు దిద్దినదాన్ని. చదువుతూ పోతే తప్పు కనబడదు, స్కేలు పెట్టి ఒక్కొక్క పంక్తీ చూస్తేనే దొరుకుతుంది. ఇక్కడా అంతేనేమో. నేను రోజూ చూసి చూసి ఆయన మొహాన్ని చదువుకుంటూ పోతున్నానేమో. పెన్సిలు ఒక్కటే నిజం చెబుతోందేమో.

పరీక్షలు పెడుతున్నాను. ఎడమ చేత్తో నీళ్ల చెంబు అందుకోమన్నాను. ఈల వెయ్యమన్నాను. అద్దం ముందు నిలబడి పళ్లు కనబడేలా నవ్వమన్నాను. నవ్వి, ఏంటి సంగతి, పళ్ల పొడి కంపెనీలో ఉద్యోగం గానీ వచ్చిందా అన్నారు. ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, ఏడాదికోసారి కంపెనీవాళ్లు నన్ను గుర్రాన్ని చూసినట్టు చూస్తారు, ఈసారీ పాసయ్యాను, నీ పాసు సంగతి చూసుకో అని కొట్టిపారేశారు.

గట్టిగా చెప్పలేనా అంటే, చెప్పలేను. క్రేన్ గదిలో ఆయన కుడి చేతిలో ఒక లివరు, ఎడమ చేతిలో ఒకటి. కొక్కేన్ని దించేది కుడి చెయ్యి. దూలాన్ని పక్కకి తిప్పేది ఎడమది. మొన్న పుస్తకానికి బొమ్మలు కావాలన్న వంకతో పని జరిగే చోటికి వెళ్లాను. స్కెచ్ పుస్తకం తెరిచాను, ఒక్క గీత గియ్యలేదు. ఇనుప దూలం గాలిలో తిరుగుతోంది. కింద హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఒకతను ఆ దూలం నీడలో కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడు. పైన ఆ గాజు గదిలో ఉన్న ఎడమ చేతి గురించి నాకొక్కదానికే తెలుసు, లేదా నాకొక్కదానికే పిచ్చి పట్టింది. ఈ రెండింటిలో ఏది నయమో ఆలోచిస్తూ నిలబడ్డాను. ఫోర్‌మన్ వచ్చి, మేడం, ఎండలో ఎందుకు, షెడ్డులో కూర్చోండి, మొహం పాలిపోయింది అన్నాడు.

అతనికి ఒక్క మాట చెబితే చాలు. ఆ సాయంత్రానికి మీ మరిదిని క్రేన్ మీంచి దింపేస్తారు. ఆ పని తప్ప ఆయనకు ఇంకోటి అక్కర్లేదు. పైకెక్కి కూర్చుంటే తన గొడవలన్నీ అగ్గిపెట్టెలంత అయిపోతాయంటారు. నా చేతకాని బొమ్మల మూలంగా ఆయన్ని కిందికి దించేస్తే ఆ మొహం నేను ఎలా చూస్తాను? చెప్పకుండా ఊరుకుని, రేపు ఆ బూటు తాడు కట్టుకునే అతని మీద దూలం పడితే?

అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు బొమ్మలు చూపించాను, ఏమీ చెప్పకుండా. నాన్న బాగా కుదిరాడమ్మా, ఏంటి కాస్త అలిగినట్టున్నాడు అంది. ఆ అలక పెదవి ఎడమ కొసలోనే ఉంది.

ఒక ఉపాయం తట్టింది. క్లాసులో వచ్చేవారం మనిషిని కూర్చోబెట్టి గీసే పాఠం ఉంది. ఎప్పుడూ వచ్చే మోడల్ ఊళ్లో లేడట. మా ఆయన్ని తీసుకురానా అని మాస్టారిని అడిగాను. సంబరంగా ఒప్పుకున్నారు. క్లాసంతా ఆయన చుట్టూ కూర్చుని, అందరూ కొలిచి గీస్తారు. ఆ పిల్లలకి ఆయన ఎవరో తెలియదు, నాన్న సంగతి తెలియదు, భయం అసలే లేదు. వాళ్ల కాగితాల మీద కూడా భుజం దిగితే ఇక అనుమానం లేదు. ఆ సాయంత్రమే బలవంతంగానైనా ఆసుపత్రికి తీసుకెళ్తాను, ఫోర్‌మన్‌కి నేనే చెబుతాను.

దిగకపోతే? దిగకపోతే నువ్వు అన్నదే నిజం. నాకు గియ్యడం రాదు. అక్కా, నాకు గియ్యడం రాకూడదని కోరుకో.

నీ చెల్లి


ఆగస్టు 11

అక్కయ్యకు,

నమస్కారాలు. మేమందరం కులాసా. ఈసారి మాట వరసకి కాదు, నిజంగా కులాసా.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని వచ్చారు. ఎత్తు బల్ల మీద కుర్చీ వేస్తే ఎక్కి కూర్చుని, నా క్రేన్ కంటే చిన్నదే, పర్వాలేదు అన్నారు. పిల్లలు చుట్టూ చేరారు. కదలకండి అంకుల్ అంటే, జీతం ఇస్తే ఊపిరి కూడా ఆపుతాను అన్నారు. తర్వాత పెన్సిళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అన్ని చేతులూ ఒక్కసారిగా చాచుకుని, అన్ని కళ్లూ ఆయన్ని కొలుస్తుంటే నాకు ఆయన్ని ఏదో కోర్టులో నిలబెట్టినట్టు అనిపించింది. నా కాగితం మీద భుజం మామూలుకంటే ఎక్కువ దిగింది. చెమటకి పెన్సిలు జారిపోతోంది.

పిట్ట మధ్యలో నా వైపు వంగి, ఆంటీ మళ్లీ తప్పు కన్ను మూశారు, ఎడమది మూసుకుని చూడండి అని గుసగుసలాడింది. నోర్ముయ్యవే అన్నాను, ఆ పిల్లను అంత మాట ఎప్పుడూ అనలేదు.

గంట కొట్టాక అందరూ బోర్డులు గోడకి ఆనించి నిలబెట్టారు. మాస్టారు మాట్లాడుతున్నారు, నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. గుమ్మం వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క బొమ్మ ముందూ ఆగాను. మొదటిది, సమానం. రెండోది ముక్కు పాడుచేశాడు గానీ భుజాలు సమానం. మూడోది సమానం. పిట్ట గీసిన బొమ్మలో ఆయన నాకంటే పదేళ్లు చిన్నవాడిలా ఉన్నారు, భుజాలు మాత్రం తక్కెడ కాడలా ఉన్నాయి. గోడ చివరిదాకా వెళ్లాను. ఎక్కడా దిగలేదు. ఒరిగినది నా బొమ్మ ఒక్కటే.

పెద్దదాన్ని, అందరి ముందూ ఏడిస్తే బాగుండదని బయట కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాను. ఆయన వెనకాలే వచ్చి, అంత ఘోరంగా ఉన్నానా ఆ బొమ్మల్లో అన్నారు. చాలా బాగున్నారు అన్నాను. నీ బొమ్మలో మాత్రం ఎవరో నా ఎడమ భుజం మీద సిమెంటు బస్తా పెట్టారు, నీకు నా మీద ఏం కోపం అన్నారు. ఇద్దరం నవ్వుకుంటూ ఇంటికి వచ్చాం. దార్లో ఆయన ఎడమ చెయ్యి పట్టుకునే నడిచాను.

కాబట్టి అక్కా, నువ్వు గెలిచావు. నీ చెల్లికి గియ్యడం రాదు. మాస్టారు మెచ్చుకున్న ఊపిరి తీసుకునే గీత ఉండనే ఉంది, ఆ ఒక్కదానితో పుస్తకం వేసుకుంటాను. ఆయన బొమ్మ ఒకటి ఇందులో పెడుతున్నాను, పిట్ట గీసినది. నాది కాదు.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

నీ చెల్లి

తాజాకలం: పై ఉత్తరం ఆ సాయంత్రమే రాశాను. కవరు అంటించబోయి ఆగిపోయాను. పిట్ట మాట చెవిలోంచి పోలేదు. తప్పు కన్ను అంది.

మర్నాడు కిటికీ ముందు నిలబడి చెయ్యి చాచి పెన్సిలు పట్టుకున్నాను. అందరిలాగే ఎడమ కన్ను మూశాను. పెన్సిలు నిటారుగా ఉంది. అలవాటు ప్రకారం కుడి కన్ను మూశాను. పెన్సిలు నడుమ దగ్గర వంగింది, దాని కుడి పక్కనున్న కిటికీ అడ్డ ఊచలు కిందికి జారాయి. రెండు కళ్లూ తెరిస్తే అన్నీ మళ్లీ సరిగ్గా నిలబడ్డాయి. ఎన్నిసార్లు చేశానో తెలియదు.

కంటి డాక్టరు గళ్ల కాగితం ఒకటి చూపించి ఒక్కొక్క కంటితో చూడమంది. ఎడమ కంటి వెనక పొరలో నీరు చేరి ఉబ్బిందట. ఆ కన్ను కుడి పక్కనున్నవన్నీ కిందికి దింపి చూపిస్తోంది. ఎదురుగా కూర్చున్న మనిషికి అది ఎడమ పక్క. రెండూ తెరిచి ఉంటే మంచి కన్ను తప్పును దిద్దేస్తుంది, అందుకే మీకు తెలియలేదు అంది. ఆయన భుజం మీద సిమెంటు బస్తా పెట్టింది నా కన్ను. దీపస్తంభాలకు ఊపిరి పోసిందీ అదే. కంట్లోకి సూదిమందు ఇస్తారట. ఉన్న చూపు నిలబెట్టడానికి ప్రయత్నిస్తాను, పోయినది తేలేను అంది. ఆ సూది అంటే భయంగా ఉంది అక్కా. సూది తర్వాత గీత తిన్నబడితే మాస్టారు గోడ మీంచి నా బొమ్మ తీసేస్తారేమోనన్న భయం కూడా ఉంది, నవ్వకు. మీ మరిదికి రేపు కుర్చీలో కూర్చున్నప్పుడు చెబుతాను.

ఇది ఒక్కోసారి కుటుంబంలో నడుస్తుందట. మీ అమ్మగారి చూపు ఎలా ఉండేదని డాక్టరు అడిగింది. చివర్లో మందగించింది, వయసు వల్ల అనుకున్నాం అన్నాను. అలా అంటుండగానే సముద్రం బొమ్మ గుర్తొచ్చింది. నువ్వు ఫ్రేము వంచినప్పుడు ఇప్పుడు కుదిరింది అంది కదా. అమ్మకి నిజంగానే కుదిరింది. నేను ఇన్నాళ్లూ నాన్న జబ్బును వెతికాను. నాకు దొరికింది అమ్మది.

ఈ ఉత్తరం కింద పెట్టి మీ వీధి తలుపు ముందు నిలబడు. ముందు ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, తలుపు చట్రాన్ని చూడు. తిన్నగా ఉంటే తీరిగ్గా ఉత్తరం రాయి.

ఎక్కడైనా వంగితే రాయకు. ఫోన్ చెయ్యి.