గంగకు ఆధారం చూపాలి

వడోదర,
ఆదివారం.

అక్కా,

చెల్లె శ్రావణి దండాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, చిన్నది అందరూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. బాపు దగ్గు తగ్గిందా? సాంచాల మీద బట్ట నేయడానికి పోయేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నాడా, లేక ఎప్పటిలాగే జేబులో పెట్టుకొని పోతున్నాడా? నిజం రాయి. నేనడిగితే "నాకేం రోగం బిడ్డా, గుండురాయి లెక్క ఉన్న" అంటాడు.

మొన్న నువ్వు ఫోన్‌లో అడిగావు, "అవ్వ ఏడాదికి వస్తవా, రావా? ఒక్క మాట చెప్పు" అని. మనల్ని కన్న తల్లి పోయి ఏడాది నిండబోతోందని నాకు తెలియక కాదు. సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది. అందుకే ఈ ఉత్తరం. కాగితమైతే మధ్యలో ఏడ్చినా నీకు వినపడదు. నా రాత పుస్తకం భాషలోకి పోయిందని మాత్రం నవ్వకు, ఈ నెలంతా మాతో అదే రాయిస్తున్నారు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. హాస్టల్ పప్పులో చక్కెర వేస్తారు. మొదట్లో వంటామె పొరపాటు పడిందనుకున్నాను, తర్వాత ఈ ఊరే అంతని తెలిసింది. నువ్వు పంపిన ఎల్లిపాయకారం డబ్బా అడుగంటింది. తిండికైనా అలవాటు పడ్డాను గానీ, చప్పుడు లేకపోవడానికి అలవాటు పడలేకపోతున్నాను. మన వాడలో పొద్దంతా సాంచాలు మోగుతుంటే చదువు సాగడం లేదని గొడవ పెట్టేదాన్ని కదా! ఇప్పుడు గదిలో ఫ్యాను ఒక్కటే తిరుగుతుంటే చెవులు ఏదో వెతుక్కుంటున్నాయి. నాతో ఉండే ఒడియా అమ్మాయి మంచిది. కానీ నాకొచ్చిన హిందీ కూరగాయలు కొనడానికి సరిపోతుంది, బాధ చెప్పుకోవడానికి చాలదు.

మా కళాచరిత్ర క్లాసులో ఈసారి మేడం పరీక్షకు బదులు కొత్త పని పెట్టింది. చిన్నది హోంవర్కు కోసం చూసి రాసుకునే ఇంటర్నెట్ విజ్ఞానసర్వస్వం ఉంది కదా, అదే. అందులో ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చు. ప్రతి ఒక్కరూ తమ ప్రాంతపు కళ మీద తమ భాషలో ఉన్న వ్యాసం ఒకటి తీసుకొని బాగుచేయాలి. నేను మన పటం కథ తీసుకున్నాను. ఎవరో నాలుగు ముక్కలు రాసి వదిలేసిన వ్యాసం. మన పద్మశాలీల వాడల్లో కూనపులి వాళ్లు బారెడు బారెడు బొమ్మల పటం విప్పుకుంటూ కులపురాణం చెప్పడం, ఎర్రటి నేల మీద ఋషి పులినెక్కి వచ్చే బొమ్మ, అన్నీ పుస్తకాలు చూసి రాశాను. క్లాసులో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మేడం "రాశావా?" అంటుంది, రాశానంటే తల ఊపుతుంది.

అక్కడ "మా" అని గానీ "మన" అని గానీ రాయకూడదు. మనకు తెలుసు కదా అంటే కుదరదు, ఎవరు ఎక్కడ అచ్చువేశారో ఆధారం చూపాలి. మొదటి రోజంతా నేను రాసినదాంట్లో "మన"లు ఏరుతూ కూర్చున్నాను, బియ్యంలో రాళ్లు ఏరినట్టు.

ఒక్క వాక్యం మాత్రం పుస్తకం చూడకుండా రాశాను. "పటం పాతబడితే గంగలో కలుపుతారు." ఇది అవ్వ చెప్పిందే. గుర్తుందా, కథవాళ్లు కొత్త పటం తెచ్చిన ఏడు, పాత పులి ఏదని నువ్వు ఏడుపు లంకించుకున్నావు. అవ్వ నూలు కండెలు చుట్టుకుంటూనే అంది, "ఏడ్వకు బిడ్డా. గది పాడుగాలే. గంగల కలిపిండ్రు. గంగల కలిసింది యాడికి పోతది?"

మరునాడు చూస్తే ఆ వాక్యం మారిపోయి ఉంది. "పాత పటాలు నాశనమైపోయాయి" అట! "వేపచేదు" అనే పేరుతో రాసే ఆయనెవరో దిద్దారు. అక్కడ చాలామంది ఇలాంటి మారుపేర్లతోనే ఉంటారు. పాపం ఆయన తప్పేముంది, సొమ్మంతా గంగలో కలిసిందంటే దండగైపోయిందనే కదా లోకం అనుకునేది. గంగ అంటే నది అని మళ్లీ రాశాను. ఈసారి ఆయన "గంగా నది" అని దిద్ది, నొక్కితే కాశీలో పారే గంగ పేజీ తెరుచుకునేలా చేశారు. మన సిరిసిల్ల పటాన్ని రైలెక్కించి కాశీకి పంపారన్నమాట! పగలబడి నవ్వాను. నవ్వి పక్కకు చూశాను. ఎవరికి చెప్పాలి? ఒడియా అమ్మాయికి చెప్పాలంటే పటం, గోదావరి, అవ్వ అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

వ్యాసం వెనకాల వాదించుకోవడానికి ఒక పేజీ ఉంటుంది. "మా దగ్గర గోదావరిని గంగ అనే అంటారండీ" అని అందులో రాశాను. "మా దగ్గర అనేది ఆధారం కాదు శ్రావణి గారూ" అని జవాబు. నేనొకటంటే ఆయనొకటి, పేరుకు తగ్గ మనిషి. కానీ నిజం చెప్పనా? క్లాసు వదలగానే ఉరుక్కుంటూ వచ్చి ఆయనేం రాశారోనని చూసేదాన్ని. ఫోన్‌లో మీరు కాక నాతో తెలుగులో మాట్లాడే మనిషి ఆయనొక్కరే. పోట్లాటైనా సరే అనిపించింది. ఇక్కడా ఒక నది ఉంది, విశ్వామిత్రి. అందులో మొసళ్లుంటాయి. ఎవరూ దిగరు, ఎవరూ దాన్ని గంగ అనరు.

ఇక నీకు చెప్పని సంగతి. ఈ వారం దాకా అవ్వ లేదని ఇక్కడ ఎవరికీ తెలియదు. చేరిన కొత్తలో ఒడియా అమ్మాయి "మీ అమ్మ ఏం చేస్తుంది?" అంటే "కండెలు చుడుతుంది" అన్నాను. కావాలని కాదు, నోటికి అలా వచ్చింది. తర్వాత దిద్దుకోలేదు. మా అవ్వ ఇలా వండుతుంది, మా అవ్వ బతుకమ్మ ఇలా పేరుస్తుంది అనే చెప్తూ వచ్చాను. ఇంత దూరంలో ఉంటే అవ్వ ఇంటి దగ్గరే ఉన్నట్టుంటుంది అక్కా. నేనే పోలేదు, పోతే ఉంటుంది అన్నట్టుంటుంది. ఏడాదికి వస్తే ఆ ఆశ కూడా పోతుంది. నీకు జవాబు చెప్పనిది అందుకే.

ఈ వారం వేపచేదు గారు మళ్లీ రాశారు. "ఆధారం లేకపోతే వాక్యం తీసేస్తాను. అయినా అది గంగ అని మీకెలా తెలుసు?" నాకు ఒళ్లు మండింది. మర్యాద, పుస్తకం భాష అన్నీ మరిచిపోయి మన మాటలోనే కొట్టేశాను. "నాకెట్ల ఎర్కనా? పోయిన ఎండకాలం మా అవ్వను ధర్మపురి కాడ గంగల కలిపినం. మా బాపు, అక్క, నేను మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలవడ్డం. గది కాశీ గాదు, గోదారి. మాకు గదే గంగ." పంపిన తర్వాత చదువుకున్నాను. అవ్వను కలిపినం అని నా చేత్తో రాయడం అదే మొదలు. లైబ్రరీలో అందరి మధ్యా కూర్చొని ఏడ్చాను.

మరునాడు జవాబొచ్చింది. "మన్నించమ్మా. మా అమ్మను కృష్ణలో కలిపాము. మీ అవ్వగారికి నా నమస్కారం. వాక్యం తీయను. కానీ ఆధారం అడగక తప్పదు, ఆ నియమం నాకూ ఉంది."

ఇప్పుడా వ్యాసం తెరిస్తే గంగ పక్కన చిన్న అక్షరాల్లో "ఆధారం చూపాలి" అని ఉంటుంది. అవ్వ మాటకు ఆధారమా అని మొదట కోపమొచ్చింది. అవ్వే ఉంటే "సూపియ్ మరి, గంత నోరున్నది గద" అనేది. ఆ సాయంత్రమే ఒడియా అమ్మాయికి కూడా చెప్పేశాను. వచ్చిన హిందీయే సరిపోయింది. ఆమె తన పళ్లెంలోని నిమ్మకాయ ఊరగాయ తీసి నా పళ్లెంలో వేసింది.

వస్తున్నాను అక్కా. ఏడాదికి వస్తున్నాను, టికెట్ కూడా అయింది. ధర్మపురి గుడి దగ్గర పుస్తకాల కొట్లో వెతుకుదాం, గంగ అని ఎక్కడో ఒకచోట అచ్చయ్యే ఉంటుంది. "గంగకు గూడ సాక్ష్యం అడుగుతుండ్రట" అని బాపుతో చెప్పు, నవ్వుతాడు. ఎల్లిపాయకారం నూరి పెట్టు. కొండగట్టు పోతే అంజన్నకు నా పేరు మీద ఒక కొబ్బరికాయ కొట్టు. బాపుకు, బావకు, మీ అత్తమ్మకు నా దండాలు, చిన్నదానికి ముద్దులు. అవ్వ తర్వాత పెద్దదానివి నువ్వే, అక్కడి నుంచే నా తల మీద చెయ్యి పెట్టు.

ఇంకొక్కటి. నువ్వు ముందురోజే బాపు దగ్గరికి పో. నేను ఎక్కడి నుంచి వచ్చినా అవ్వ చెంబుతో నీళ్లు పట్టుకొని గుమ్మంలో ఉండేది కదా, "కాళ్లు కడుక్కొని రా బిడ్డా" అని. నేను వచ్చే వేళకు ఆ చెంబు పట్టుకొని నువ్వు నిలబడు. గుమ్మం ఖాళీగా ఉంటే నేను లోపలికి రాలేను.

నీ చెల్లె,
శ్రావణి