తలకు దెబ్బ, పొట్టకు కోత

అక్కా, నేను కులాసా. ఇంటి ఫోను చెడిపోయిందన్నావు గనక కార్డు రాస్తున్నాను.

నిన్న నిచ్చెన మీంచి పడ్డ ఒక రంగులేసే మనిషిని మా క్యాజువాలిటీకి తెచ్చారు. ముఖమంతా నెత్తురు. అందరం తల చుట్టూ మూగాం. బీపీ పడిపోతుంటే అదీ తల దెబ్బ వల్లే అనుకున్నాను. పెద్ద నర్సు దుప్పటి తీసి పొట్ట మీద చెయ్యి వేసింది. "తల దెబ్బకి బీపీ ఇంతలా పడదు డాక్టరుగారూ. ఈ పొట్ట చూడండి, చెక్కలా ఉంది" అంది. లోపల ప్లీహం చిట్లి పొట్టంతా నెత్తురు నిండింది. వెంటనే ఆపరేషన్ చేశాం. పొద్దున తెలివొచ్చి, "తలకి తగిలితే పొట్ట కోశారేంటండీ?" అని నన్నే నిలదీశాడు.

ఇక నీ ఉత్తరం. స్కూటర్ మీంచి పడ్డ బావకి విరిగిన చెయ్యి అతుక్కుంటోందని పేజీ నిండా రాశావు. తలనొప్పంటూ పగలు కూడా నిద్రపోతున్నాడని చివర్లో ఒక్క ముక్క రాసి, బద్ధకమని నవ్వావు. పడి మూడు వారాలైనా, తలలో నెత్తురు మెల్లగా చేరుతుంటే ఇలాగే ఉంటుంది. ఈ కార్డు అందగానే ఆసుపత్రికి తీసుకెళ్లి స్కాన్ తీయించు.

పిల్లలకు ముద్దులు. బావను నిద్ర లేపితే తిడతాడంటావు, తిట్టనీ. తిట్టకపోతేనే నాకు భయం.

నీ తమ్ముడు