అయ్యగారి పటంలో నాన్న సుత్తి

కొలోన్, 1872 అక్టోబరు

నాన్నా, నేను బాగానే ఉన్నాను, నీ దగ్గు గురించే దిగులు.

మా అయ్యగారు ఈ నగరాన్ని పెద్ద నూనెరంగుల పటంగా వేస్తున్నారు. ముందు భాగమంతా చీకటి. రైన్ నది వంపు తిరిగి మన చూపును లాక్కుపోయి, సగం లేచిన పెద్ద చర్చి గోపురం మీద దింపుతుంది. వెలుగంతా అక్కడే. జబ్బుపడి సగంలో వదిలేశానని కుమిలిపోతావే, నువ్వు పేర్చిన ఆ ఆఖరి రాళ్ళ వరస మీదే!

ముందు చీకట్లో మాత్రం ఒక విరిగిన స్తంభం వేశారు. కాఫీ ఇవ్వడానికి వెళ్ళి ఊరుకోలేకపోయాను.

"ఇదెందుకండీ ఇక్కడ?"

"కాలానికి గుర్తు, పిల్లా. ఏదైనా ఒకనాటికి కూలేదే."

"కూలాలంటే ముందు లేవాలి కదండీ! మా చర్చి ఆరొందల ఏళ్ళుగా ఇంకా లేస్తూనే ఉంది."

"పోయి పులుసులో ఉప్పు సరిచూసుకో, పో!" అని కసిరారు.

సాయంత్రానికి స్తంభం గీకేసి ఉంది. "మీ నాన్న సుత్తి ఉందా? ఆ చోట అది వేస్తాను" అన్నారు.

అందుకని నీ కొయ్య సుత్తిని రాళ్ళ పడవ నడిపే థీస్ చేత పంపు. అమ్మ కడుగుతానంటే ఒప్పుకోకు, దానిమీది రాతిపొడి అలాగే ఉండాలట. మేక ఈనిందా? అమ్మని ఒక కుండ ఆపిల్ పాకం కూడా పంపమను. మేరీమాత మిమ్మల్ని చల్లగా చూడాలి.

గోపురం పూర్తయిన రోజున లోకం అంతమవుతుందని ఇక్కడివాళ్ళు అంటారని నవ్వేవాడివి కదా. పటంలో అది ఎన్నటికీ పూర్తికాదు నాన్నా, నీ సుత్తికి ఎప్పుడూ పని ఉంటుంది.

నీ బిల్లా