వహీద్ గర్భసంచి

అస్యూత్

అమ్మకు, నేను కులాసా. పాథాలజీ డాక్టరేటు చదువు నడుస్తోంది.

మొన్న మన ఊరు సోహాగ్ నుంచి పరీక్షకు ఒక గర్భసంచి ముక్క వచ్చింది. చీటీలో రోగి పేరు చోట మన వహీద్ పేరు, నాన్న పేరుతో సహా ఉంది. "ఈ వహీద్ గారికి ఎన్నో నెలట?" అన్నారు మా ప్రొఫెసరు. అందరూ నవ్వారు. "మా తమ్ముడండీ. పరాయివాళ్ల ముందు అమ్మ పేరు చెప్పాలంటే వాడికి సిగ్గు," అన్నాను. నవ్వులు ఆగాయి.

ముక్కను నేను చూశాను, ఆయనా చూశారు. క్యాన్సర్ కాదు, మామూలు కంతి. రక్తం పోవడం తగ్గిందా? నాకెందుకు చెప్పలేదు? పులుసు కాచుకోవడానికి ఎండబెట్టిన ములూఖియా ఆకు కొంచెం పంపు.

చీటీలో వాడి పేరు కొట్టేసి నీ పేరు రాశాను. ఈ కార్డు నీకు చదివి వినిపించేది వాడే కదా, కింది సంతకం కాస్త గట్టిగా చదవమను.

నీ చేతికి ముద్దు పెడుతూ,
నఈమా కూతురు ఇన్సాఫ్